పురుగుల మేనరికం

మా అన్నయ్య ఫోన్ చేస్తే ముందు వాన సంగతి, తర్వాత పురుగు సంగతి, చివర్లో గుర్తొస్తే నా ఆరోగ్యం సంగతి మాట్లాడతాడు. ఆ రోజు మాత్రం వాన ఊసే ఎత్తలేదు. కాలేజీలో స్టాఫ్ రూమ్ బయట నిలబడి నేను హలో అన్నానో లేదో, వచ్చే ఏడాది కూడా పత్తి పోతే ఇక వ్యవసాయం మానేస్తానని, చేను జామాయిల్ తోటకి ఇచ్చేసి మార్టూరులో రాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో వాచ్‌మన్‌గా చేరతానని గడగడా చెప్పేశాడు. అప్పటికే వెళ్ళి మాట్లాడి కూడా వచ్చాడట. యాభై దాటిన మనిషి. పుట్టిన దగ్గర్నుంచి దర్శి పక్కన ఆ నల్లరేగడి తప్ప ఇంకో నేల మీద నిద్రపట్టదు. మా ఇంటికి చీరాల వచ్చినా భోజనం అవగానే బస్సు టైము అడిగే రకం. అలాంటివాడు గేటు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చేపోయే లారీలు చూస్తూ కూర్చుంటాడంటే నాకు ఒళ్ళు మండింది. అన్నయ్య మీద కాదు, పురుగు మీద.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. పరిణామం పాఠం ఏటా చెప్పేదే. పుస్తకంలో అది తీరుబడిగా నడుస్తుంది. లక్షల ఏళ్ళు, రాళ్ళలో శిలాజాలు, ఎక్కడో దీవుల్లో పిచ్చుకల ముక్కులు. పిల్లలు తమకి సంబంధం లేని పాత కథలా రాసుకుంటారు. ప్రాణుల సంఖ్య ఎలా పెరుగుతుంది, ఎలా తగ్గుతుంది అన్నది వేరే చాప్టరు. తిండి దొరికితే పెరుగుతుంది, తినేవాళ్ళు ఎక్కువైతే తగ్గుతుంది. ఆ రెండు చాప్టర్లకీ మధ్య బోలెడు పేజీలు. మా చేలో ఆ రెండూ ఒకే పత్తికాయలో కాపురం చేస్తున్నాయని పుస్తకం రాసినవాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు.

బీటీ విత్తనం కొత్తగా వచ్చిన రోజులు నాకు బాగా గుర్తు. అంతకు ముందు పచ్చపురుగు వచ్చి చేలకు చేలు తినేస్తుంటే, ఇంటిల్లిపాదీ వెళ్ళి చేత్తో ఏరి డబ్బాల్లో వేసేవాళ్ళం. కొత్త విత్తనంలో మందు మొక్కలోనే ఉంటుందట, కొరికిన పురుగు కొరికినట్టే చస్తుందట. మొదటి ఏడాది మా నాన్న రోజూ చేలోకి వెళ్ళి కాయ చీల్చి చూసేవాడు. లోపల పురుగు లేదంటే నమ్మబుద్ధి కాక ఇంకోటి చీల్చేవాడు. మా అమ్మ, ఇలా చీల్చుకుంటూ పోతే ఇంక పురుగుతో పనేముంది, మీరే చాలు అని దెప్పేది. ఆ ఏడాది మా ఇంట్లో అందరూ నవ్వుతూ పత్తి తీశారు.

ఆ విత్తనం సంచితో పాటు ఒక చిన్న పొట్లం ఇచ్చేవారు. అందులో మందు లేని మామూలు పత్తి గింజలు. వాటిని చేను చుట్టూ కొన్ని సాళ్ళు వేయమని రాసి ఉండేది. ఎందుకో విడమర్చి చెప్పినవాడు లేడు, చెప్పినా వినే ఊపులో మా ఊరు లేదు. కొందరు ఆ పొట్లాన్ని పెంటకుప్ప మీద పారేశారు. కొందరు మొలక రాని చోట మళ్ళీ నాటుకున్నారు. మా అమ్మ గొడ్లసావిడి పక్కన జల్లి, వచ్చిన పత్తితో దీపానికి ఒత్తులు చేసుకుంది. మంచి నేలలో పురుగుల కోసం పంట వేయమనేవాడికి పిచ్చి పట్టిందని మా నాన్న తేల్చేశాడు. పిట్టలకని వరి కంకులు చూరుకి కట్టే ఇల్లు మాది. కోతలయ్యాక పరిగె ఏరుకోవడానికి వచ్చినవాళ్ళని ఏనాడూ కాదనలేదు. పిట్టకీ మనిషికీ వాటా పెట్టిన ఊరే, పురుక్కి మాత్రం పెట్టనంది. పెట్టనన్నందుకు నాకు వాళ్ళ మీద కోపం లేదు. పురుక్కి వాటా పెట్టమంటే ఎవరు పెడతారు?

ఆ పొట్లం సంగతి అన్నయ్యకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. చివరికి పెళ్ళి సంబంధాల లెక్కలో చెప్పాను. ఎన్నో వేల పురుగుల్లో ఏదో ఒకటి పుట్టుకతోనే ఆ మందుని తట్టుకునే మొండిది ఉంటుంది. చుట్టూ మామూలు పత్తి ఉంటే అక్కడ మామూలు పురుగులు బోలెడన్ని బతుకుతాయి. మొండిది పెరిగి రెక్కలొచ్చాక వాటిలో దేనితోనో జతకడుతుంది. బయటి సంబంధం కాబట్టి పుట్టిన పిల్లలకి ఆ మొండితనం చాలదు, మందు తిని చస్తాయి. మామూలు పత్తే లేకపోతే ఊరంతటిలో బతికేవి మొండివే. వాటికి వేరే గతి లేదు, ఒకదాన్నొకటి చేసుకోవాల్సిందే. అన్నీ మేనరికాలే, పుట్టేవన్నీ మొండివే. అన్నయ్య కాసేపు తల గోక్కుని, "అంటే ఆ పెళ్ళిళ్ళన్నీ మనమే కుదిర్చామంటావా?" అన్నాడు. అవునన్నాను. 

మొండి పురుగు వచ్చిందని మాకు మొదట చెప్పింది పూలే. పూరేకులు విప్పుకోకుండా లోపలి నుంచి కుట్టేసినట్టు ముడుచుకుని ఉంటాయి. గుడ్డి పూలంటారు వాటిని. విప్పితే లోపల గులాబీ రంగు పురుగు. అది కాయలోకి దూరిందంటే ఏ మందూ దాన్ని అందుకోలేదు. అయినా మందులే కొట్టారు. వీపుకి పంపు తగిలించుకుని మా అన్నయ్య ఒక సాలు కూడా వదలకుండా కొట్టేవాడు. కాయలోపలి పురుగు హాయిగానే ఉంది. ఆకుల మీద తిరిగే, ఎర్ర రెక్కల మీద నల్లచుక్కల అక్షింతల పురుగులు, సాలీళ్ళు, పురుగుల్ని పట్టి తినేవి ఏవేవి ఉన్నాయో అవన్నీ రాలిపోయాయి. వాటి అడ్డు పోయేసరికి తెల్లదోమ విరుచుకుపడింది. దానికి ఇంకో మందు. ఆ మందుకి చావనివి మిగిలి, వాటి పిల్లలు పెరిగి, ఇంకా గట్టి మందు. సంఖ్య పెరిగినందుకు కొట్టిన మందు పురుగు జాతినే మార్చేసింది, మారిన జాతి మళ్ళీ సంఖ్యని పెంచింది. రెండెడ్ల గానుగలా ఒకదాని వెనక ఒకటి తిరుగుతూనే ఉంటే మధ్యలో నలిగింది మావాళ్ళు. పక్క ఊళ్ళలో మిర్చికి నల్ల తామర పురుగు పట్టినప్పుడు కూడా ఇదే వరస. అక్కడ పురుగు వేరు, కథ ఒకటే.

ఆ ఫోన్ వచ్చాక నేను ఊరుకోలేకపోయాను. అన్నయ్యని మార్టూరు పోనివ్వకూడదని పట్టుబట్టాను. ఈ పురుగు పత్తి తప్ప ఇంకోటి తిని బతకలేదు. డిసెంబరు ఆఖరుకల్లా ఊళ్ళో అందరూ పత్తిచెట్లు పీకేసి, కట్టె మిగలకుండా చేస్తే దానికి తిండి లేదు, తలదాచుకునే చోటు లేదు. ఒక్క ఏడాది ఊరంతా కలిసి చేస్తే చాలు, తర్వాత చేను చుట్టూ మామూలు పత్తి సాళ్ళు వేసుకుని, మందులు తగ్గించుకుని, మెల్లగా దారిలో పడొచ్చు. క్రిస్మస్ సెలవులకి వెళ్ళి, మా అరుగు మీద చుట్టుపక్కల చేలవాళ్ళని కూర్చోబెట్టి ఈ మాటే చెప్పాను. కాలేజీలో చెప్పినదానికంటే బాగా చెప్పాననే అనుకున్నాను. అందరూ తలలూపారు. మా తూర్పు గట్టు బాబాయి అయితే, ఆడపిల్లని చదివిస్తే ఇదీ లాభం అని అందరి ముందూ మెచ్చుకున్నాడు. వదిన అందరికీ టీ ఇచ్చింది.

నాలుగు రోజులకి కాలువకి నీళ్ళు వదిలారు. ఎండిపోవాల్సిన పత్తికి మళ్ళీ చిగురొచ్చింది, పూతొచ్చింది. ఇంకో తీత వస్తుందన్న ఆశ పుట్టింది. మా అన్నయ్య మాట మీద నిలబడి కూలీలని పెట్టి పీకించేశాడు. పడమటి వైపు ఒకరిద్దరు పీకారు. మిగిలినవాళ్ళు తడి పెట్టుకున్నారు. నేను బాబాయి దగ్గరికి వెళ్ళి అడిగాను. బాబాయి మంచిమనిషి, నన్ను భుజాన ఎత్తుకుని తిప్పినవాడు. ఆయన నా మొహం చూడలేక చెట్టు కేసి చూస్తూ, "చెట్టు మీద కాయ ఉండగా పీకమంటావేంటమ్మాయ్? చూడితో ఉన్న గేదెని కబేళాకి తోలమన్నట్టుంది" అన్నాడు. ఆ కాయలో సగం పురుగు తినేస్తుంది బాబాయ్ అంటే, మిగతా సగం నాదేగా అన్నాడు.  ఎవరికి వారే యమునా తీరే అని మనసులో తిట్టుకుంటూ గట్టు దిగాను. ఆయన స్థానంలో ఉంటే నేను మాత్రం పీకేదాన్నా అని దారిలో అనిపించి ఇంకా చిరాకేసింది.

ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళాను. అన్నయ్య గర్వంగా చేనంతా తిప్పి చూపించాడు. ఊడ్చిన వాకిలిలా ఉంది, ఒక పుల్ల లేదు. ఇంటికొచ్చి పెరట్లోకి వెళ్ళి అక్కడే ఆగిపోయాను. గోడ పొడుగునా, నా కంటే ఎత్తున, పత్తికట్టె వామి. మా వైపు పత్తికట్టె పారేసే ఇల్లు ఉండదు. ఏడాది పొడుగునా స్నానాలకి నీళ్ళు కాగేది, గేదెలకి కుడితి కాగేది దాంతోనే. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు పెరట్లో వామి ఎత్తు చూసి ఇంటి ఇల్లాలి పనితనం అంచనా వేసేవాళ్ళని అమ్మ చెప్పేది. కట్టెకి అంటుకుని ఎండిన కాయలు అలాగే వేలాడుతున్నాయి. ఒకటి పగలగొట్టి గింజ చిదిపి చూశాను. లోపల పురుగు ముడుచుకుని నిద్రపోతోంది. తొలకరి తడి తగిలితే లేస్తుంది.

వదినకి చెప్పాను. నిజానికి కోపంలో కాస్త గట్టిగానే చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, "చేలో పురుగుందంటే చేను శుభ్రం చేశాం. పొయ్యిలో పెట్టే కట్టెలో కూడా పురుగుందంటే నన్ను వండటం మానెయ్యమంటావా ఏంటమ్మా?" అంది. అన్నయ్య మాత్రం మర్నాడు పొద్దున్నే వామి మొత్తం బండికెత్తి చేలోకి తోలి తగలబెట్టేశాడు. వదిన ఆ మంట కేసి చూడలేదు, నేను బస్సెక్కేదాకా నాతో మాట్లాడలేదు. ఊళ్ళోంచి బస్సు వెళ్తుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ప్రతి పెరట్లోనూ ఒక వామి, కొన్నింటి మీద గుమ్మడి తీగ కూడా పాకించారు. మా ఒక్క ఇంటి గోడే బోసిగా ఉంది.

అయినా ఆశ చావలేదు. ఎక్కడెక్కడో అడిగి మామూలు పత్తి గింజలు తెచ్చిచ్చాను. తొలకరికి అన్నయ్య వాటిని చేను చుట్టూ సాళ్ళు వేశాడు, పురుగుల్ని తినేవి చేరతాయని మధ్యమధ్య అలసంద పెట్టాడు. వేస్తున్నప్పుడు నాన్న ఉండి చూస్తే తనని ఇంట్లోంచి గెంటేసేవాడని నవ్వాడు. వానలు పడిన వారంలోనే నేను అక్కడ ఉన్నాను. సందెవేళ అరుగు మీద లైటు వేయగానే బూడిద రంగులో చిన్న చిన్న రెక్కల పురుగులు వచ్చి గోడ మీద వాలాయి. అన్నయ్య ఒకదాన్ని వేలితో చూపించి, "అవేనా?" అన్నాడు. అవేనన్నాను. వాటికి మా వామి కాలిపోయిందని తెలియదు, తెలిసినా లెక్కలేదు. ఊళ్ళో వాటికి పుట్టిళ్ళకి కొదవేముంది.

ఆ వర్షాకాలంలో నాకు మిగిలిన సంతోషం ఒక్కటే. ఒకరోజు ఫోన్ చేసి, అలసంద మీద అక్షింతల పురుగులు వచ్చాయని, చిన్నప్పుడు చూసినన్ని ఉన్నాయని అన్నయ్య చిన్నపిల్లాడిలా చెప్పాడు. తను మందు కొట్టలేదు. బాబాయి గట్టు అవతల కొడుతూనే ఉన్నాడు. పూత మొదలైంది. తర్వాత ఒకటీ అరా గుడ్డి పూలు. వాటిని కోసి గోతిలో పూడ్చాడు. తర్వాత సాలుకి పదీ పాతిక. బాబాయి చేలో మందు ఘాటుకి అవి ఇటు వచ్చాయో, మా చేను ముందుగా పూతకి వచ్చిందనో, లేక ఇక్కడ మందు లేదనో నాకు ఇప్పటికీ తెలియదు. ఊరంతటిలో మా చేనుకే ముందు పట్టింది. పద్ధతిగా చేసినవాడికే ముందు దెబ్బ. మేం పెట్టిన ఆ నాలుగు సాళ్ళ మామూలు పురుగులు ఊరందరి మొండి పురుగుల్లో చెరువులో వేసిన పిడికెడు ఉప్పయ్యాయి. కట్టుకోవడానికి బయటి సంబంధాలు ఎన్ని కావాలి, మేం ఎన్ని ఇవ్వగలం?

ఒక మధ్యాహ్నం క్లాసులోంచి బయటికి వస్తుంటే ఫోన్ మోగింది. "కొట్టేశానమ్మాయ్" అన్నాడు అన్నయ్య.  అలసంద మీద కూడా కొట్టానని, ఏదీ వదల్లేదని, ఇప్పుడు చేలో చప్పుడు లేదని చెప్పాడు. అక్షింతల పురుగులు ఏమయ్యాయని అడగబోయి ఊరుకున్నాను. వాటి సంగతి నాకంటే తనకే బాగా తెలుసు, అందుకే ఫోన్ చేశాడు. తర్వాతి గంట పరిణామం పాఠం చెప్పాల్సి ఉంది. ఒంట్లో బాలేదని పిల్లల్ని పంపించేసి ఖాళీ క్లాసులో కూర్చుని ఏడ్చాను.

కార్తీకంలో పత్తి తీయడానికి వచ్చిన ఆడవాళ్ళు రెండు సాళ్ళు నడిచి చూసి ఆగిపోయారు. కాయలు సగం విచ్చుకుని, లోపలి పత్తి పసుపుపచ్చగా గట్టిపడి, లాగితే గోళ్ళకి అంటుకుంటోంది. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు, అది తీసే పత్తి కాదు. వాళ్ళు గట్టు మీద కూర్చుని సద్ది తినేసి వెళ్ళిపోయారు. ఆ వారమే అన్నయ్య ట్రాక్టరు పిలిపించి చేనంతా దున్నించేశాడు. జామాయిల్ మొక్కలు వచ్చాయి. అన్నయ్య మార్టూరు వెళ్ళాడు. వెళ్ళేముందు పంపు ఎవరికిచ్చాడో నేను అడగలేదు. వదిన ఇప్పటికీ గ్యాసు మీదే నీళ్ళు కాస్తోంది.

మరుసటేడు బాబాయి చేలో కూడా కాయ నిలవలేదు. ఆయనా జామాయిల్ వేశాడు. ఒకరు సుబాబుల్ వేశారు, ఇంకొకరు చేను బీడు పెట్టి గుంటూరు వెళ్ళి హోటల్లో చేరారు. ఇప్పుడు మా ఊళ్ళో పత్తి వేసినవాళ్ళు లేరు. ఏ మీటింగూ లేకుండా, ఎవరూ బతిమాలకుండా, ఊరంతా ఒక్క మాట మీద పత్తి పీకేసింది. నేను అరుగు మీద కూర్చుని అడిగింది అదే. పెరళ్ళలో వామి ఒక్కటీ లేదు. తినడానికి పత్తి లేక పురుగు కూడా పోయింది. నేను చెప్పిన లెక్క అక్షరాలా నిజమైంది. ఇంత దరిద్రపు లెక్క నిజమవుతుందని తెలిస్తే చెప్పేదాన్నే కాదు.

మొన్న అన్నయ్యకి సెలవు దొరికితే ఇద్దరం చేలోకి వెళ్ళాం. జామాయిల్ మనిషెత్తు దాటింది. దాని కింద గడ్డి లేదు, పిట్ట లేదు. అన్నయ్య చెప్పుల మీద, చెవుల మీద ఇంకా గ్రానైటు పొడి తెల్లగా ఉంది. నాకంటే ముందు నడుస్తున్నవాడు బోరు దగ్గర ఆగిపోయాడు. తడి ఊరే చోట, ఎప్పుడో పడిన గింజ మొలిచి, ఒకే ఒక పత్తి మొక్క ఉంది. నిండా కాయలు. ఒంగి ఒక పువ్వు విప్పి చూశాడు. ఇంకో పువ్వు విప్పాడు. పచ్చికాయ కోసి చీల్చి, గింజ గింజా చిదిపి చూశాడు. పురుగు లేదు. ఒక పండుకాయ నిండుగా పగిలి తెల్లగా విచ్చుకుని ఉంది.

"ఇప్పుడు కాసింది చూడమ్మాయ్" అన్నాడు.

ఆ మొక్కని చూస్తే నాకు అసహ్యం వేసింది. పీకి అవతల పారేయాలనిపించింది. అన్నయ్య మాత్రం అలవాటైన చేత్తో ఆ పత్తిని పోగు తెగకుండా ఒక్క లాగులో తీశాడు. తీసి, ఒడిలో వేసుకోబోయాడు. వాచ్‌మన్ ప్యాంటుకి ఒడి లేదు. చుట్టూ చూశాడు, సంచి పట్టుకుని నిలబడే మనిషి కూడా లేదు. ఎక్కడ వేయాలో తెలియక ఆ పత్తిని చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు.